మార్వాడదేశపు గుఱ్ఱముల ప్రదర్శనము

ఏ చెవులను జూచి దొరలు నవ్విరో ఆ చెవులకే నేడు బహుమానము లభించుచున్నది. మార్వాడీ గుఱ్ఱపు చెవులు కొనలయందు లోపలికి వంగి, నిక్కినపుడు రెండును ఒకదాని నొకటి తాకునట్లు తలమీద నిలుచును. ఈ లక్షణము మార్వాడీకిని, కాఠియావాడీ మొదలగు దాని పొరుగుచుట్టములకును తప్ప లోకమునందలి తక్కిన జాతులలో నింత స్ఫుటముగ గానరాదు. ఆంగ్లప్రభుత్వకాలమున సేనాధికారులకు తమ సీమ పందెపుగుఱ్ఱముల మీదను పోలో గుఱ్ఱముల మీదను మక్కువ మెండు. వంగినచెవి వారి దృష్టిలో ‘నేటివు’ గుఱ్ఱపు గుర్తు. ఏలువారు నవ్వినదానిని ఏలబడువారు తమ లాయమునుండి తొలగించుకొనుట లోకసహజము. తాతముత్తాతలను యుద్ధభూములకు మోసికొనిపోయిన గుఱ్ఱమును జూచి సిగ్గుపడిన సంస్థానములవారు సీమగుఱ్ఱములను తెప్పించుకొనిరి. స్వదేశపు గుఱ్ఱము ఊరిబయటికి నడచినది. ఆ గుఱ్ఱము మరల ఊరిలోనికి వచ్చిన విధమును, వచ్చినపిదప దానికి సంభవింపనున్న మేలుకీడులను తెలిసికొనదలచువారు జోధపురమున అఖిలభారత మార్వాడీ గుఱ్ఱముల సంఘమువారు జరుపు ప్రదర్శనమున ఒక దినము గడుపుట చాలును.

రాజస్థానమున గుఱ్ఱములు కూడు చోట్లు పెక్కులు గలవు. కార్తికమాసమున పుష్కరమునందును, చైత్రమున లూనీనది యిసుకలో తిల్వాడాయందు మల్లీనాథుని పేర జరుగు సంతయందును వేలకొలది పశువులు చేరును. కాని సంత వేరు, ప్రదర్శనము వేరు. సంతలో అమ్మువానికిని కొనువానికిని నడుమ తీర్పుచెప్పువాడు లేడు. ప్రదర్శనమునందో, ఏది మంచి గుఱ్ఱమో నలుగురియెదుట తీర్పు చెప్పబడును. ఆ తీర్పునుబట్టి మఱుచటియేట ఏ మగగుఱ్ఱమువద్దకు ఎన్ని ఆడుగుఱ్ఱములు కట్టింపబడునో నిర్ణయమగును. కావున బరిలోని పరీక్షకుడు చూచుచున్నది యీనాటి గుఱ్ఱమునే యైనను, అతని తీర్పు పుట్టబోవు పిల్లలకు వర్తించును. జోధపురపు గుఱ్ఱములతో తెలుగు రైతులకు నేమి పని యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పని కలదు. ముందుగా బరిని జూచి, పిదప ఆ మాట చెప్పెదము.

ప్రదర్శనదినమున తెల్లవాఱకమునుపే లారీలు దిగును. మార్వాడదేశపు పల్లెలనుండియేగాక గుజరాతునుండియు, పంజాబునుండియు, మహారాష్ట్రమునుండియు గుఱ్ఱములు వచ్చును. లారీనుండి దిగిన జంతువునకు మొదట నీరు, పిదప మాలీసు, అటుపిమ్మట పరిశీలన. గిట్టలు కడుగుటయు, జూలు దువ్వుటయు, మేనికి గుడ్డతో మెఱుగుపెట్టుటయు సాయిసులు చేయుచుండగా, తలపాగాలు ధరించిన యజమానులు పొరుగువాని గుఱ్ఱమును ఓరకంట జూచుచు, తమ గుఱ్ఱముమీద దుమ్మున్నదని సాయిసును గద్దించుచుందురు. ప్రవేశమునకు ముందు పశువైద్యుని పత్రము చూపవలెను. ఇందులకు గట్టి కారణము గలదు. గ్లాండర్సు అను వ్యాధి గుఱ్ఱమునుండి గుఱ్ఱమునకును, ఒక్కొక్కప్పుడు మనుష్యునకును సోకును. అది పట్టిన జంతువును చట్టప్రకారము చంపివేయవలసినదే. రక్తపరీక్ష చేయని యొక్క గుఱ్ఱము వచ్చిచేరినను వందలాది గుఱ్ఱములకు ముప్పు వాటిల్లును; ఏ జిల్లాలోనైన వ్యాధి కనబడినప్పుడు గుఱ్ఱముల రాకపోకలనే నిలిపివేయుదురు. దేశమున నీ పరీక్షలకు ఆధారముగ నున్నది హిస్సారునందు 1985లో నేర్పడిన జాతీయ అశ్వపరిశోధనకేంద్రము. పత్రముల కొఱకు గునియుచు వరుసలో నిలుచు యజమానులను జూచి జాలిపడవలసిన పనిలేదు. లక్షలు పోసి కొన్న గుఱ్ఱమునకు రక్తపరీక్ష మాత్రము భారమని యెట్లు చెప్పవచ్చును?

వయస్సునుబట్టి తరగతులు ఏర్పడియుండును. వయస్సును దంతములే చెప్పును. పాలపండ్లు రాలనిదానిని అక్కడివారు ‘అదంత్’ అందురు. రెండు పండ్లు వేసినది ‘దో దంత్’. రెండున్నర యేండ్లప్రాంతమున ముందరి పాలపండ్లు రెండు రాలి గట్టిపండ్లు వచ్చుటయు, ఏడాదికొక జతచొప్పున తక్కినవి మాఱుటయు ప్రకృతినియమము. కోడెకు రెండు పండ్లా, నాలుగు పండ్లా యని నోరువిప్పి చూచు మన రైతునకు ఈ లెక్క క్రొత్తది కాదు. మగవానికొకటి, ఆడుదానికొకటిగ పిల్లల తరగతులు ముగిసినతర్వాత ఎదిగిన గుఱ్ఱములు వచ్చును. జనమందఱు కాచుకొనియుండునది ఎదిగిన మగగుఱ్ఱముల తరగతికే. కాని జాతి యెఱిగినవారు ఆడుపిల్లల తరగతివద్దనే యెక్కువసేపు నిలుతురు. జాతియొక్క రాబడి యంతయు అక్కడనే కదా పుట్టుచున్నది!

బరి యనగా తాడుకట్టిన యొక మైదానము. గుఱ్ఱమును చదునైన నేలమీద నిలిపి పరీక్షకులు ముందునుండియు, ప్రక్కనుండియు, వెనుకనుండియు చూతురు. మెడ నెమలికంఠమువలె నెత్తి పట్టుచున్నదా, కన్ను పెద్దదై మెఱయుచున్నదా, వెన్ను పొడవు మితిమీరినదా, మోకాలిక్రింద ఎముక పలుచనా, గిట్ట గట్టిదా యని చేతితో తడవి చూతురు. పిదప నడిపింతురు, పరువెత్తింతురు. తీర్పు చెప్పువారు మాటలాడరు. మాటలాడువారందఱు తాడు కివతలనే యుందురు. ప్రతి పల్లెపెద్దయు నొక న్యాయాధిపతియే. ప్రతి కుఱ్ఱవాడును తన తాత యేలిన గుఱ్ఱపు కథ నొకటి చెప్పగలడు. చేతక్ మార్వాడీ జాతిదని వారు ఢంకా బజాయింతురు. 1576లో హల్దీఘాటున మహారాణా ప్రతాపసింహుని రణమునుండి తప్పించి ప్రాణము విడిచినదని ప్రసిద్ధిగన్న యా గుఱ్ఱమును కాఠియావాడువారు తమదే యని వాదింతురు. ఈ వ్యాజ్యము తీఱునది కాదు. తీఱకుండుటయే యిరుదేశములకు సరదా. గెలుపు, చావు, గాయపడిన యేలికను మోసికొనిపోవుట – ఈ మూడింటిలో నొకటి సంభవించిననే తప్ప తమ గుఱ్ఱము యుద్ధభూమిని విడువదని రాజపుత్రులు పరంపరగ చెప్పుకొనుచున్నారు.

ఇక సుడులమాట. మెడమీదుగ దిగు నిడుపైన సుడి గల గుఱ్ఱమునకు ‘దేవమన్’ అని పేరు. అది యింటికి శుభమట. కంటిక్రింద సుడి యున్నచో ‘అనుసుఢల్’; దానిని కొనువారు వెనుదీయుదురు. చీలమండల సుడులు విజయము తెచ్చునట. ఈ మాటలు వినినప్పుడు మేము పరదేశమున నున్నట్లు తోపలేదు. ఎద్దును కొనబోవు మన రైతు ముందు సుడి చూచి పిదప మూపు చూచునుగదా! సంస్కృతమున శాలిహోత్రుని పేర నున్న అశ్వశాస్త్రమును పురస్కరించుకొని మనుమంచిభట్టు తెలుగున హయలక్షణవిలాసమును రచించెను. గుఱ్ఱపు మేలుకీడులనుగూర్చిన విచారము తెలుగువారికి కావ్యరూపముననే కలదు. గుఱ్ఱము లేని గ్రామములందు ఆ గ్రంథము నిద్రించుచున్నది. మార్వాడమునందు ఆ శాస్త్రము చదువురాని ముసలివాని నోటను బ్రతికియున్నది.

కొలతలకును వారికి ప్రాతలెక్క యున్నది. అయిదు యవలగింజల వెడల్పు ఒక వ్రేలు. ముఖము 28 మొదలు 40 వ్రేళ్ళవఱకు నుండవలెను. నడినెత్తినుండి తోకమొదలు వఱకు గల పొడవు ముఖమునకు నాలుగింతలు కావలెను. ఈ లెక్కలో నొక బుద్ధి యున్నది: గుఱ్ఱము పెద్దదైనను చిన్నదైనను పొంకము చెడకుండవలెననుట. ఇది మెచ్చదగినది. రంగులవిషయమున చెప్పునది మాత్రము మెచ్చజాలము. తెల్లని గుఱ్ఱమునకు గిరాకి యెక్కువ. నొసట తెల్లచారయు నాలుగు కాళ్ళు తెలుపును గలది భాగ్యవంతము. నల్లనిది మృత్యువర్ణము గనుక అశుభము. ఎముకలో లోపము లేని నల్లపిల్లను రంగుకొఱకు త్రోసిపుచ్చుటకంటె జాతికి నష్టకరమైన పని మఱొకటి యున్నదా? తెలుపుకొఱకే కట్టించినచో తక్కిన గుణములు తెలియకయే జాఱిపోవును. నమ్మకమును మనసునందుంచుకొనుటకు ఎవరికైన హక్కు గలదు. దానిని జాతియొక్క కొలబద్దగ నిలుపుటకు హక్కు లేదు.

చెవులకు మరల వత్తము. చెవి 9 మొదలు 15 సెంటీమీటర్లవఱకు పొడవుండి, సగము చుట్టువఱకు ఇటునటు తిరుగగలదు. బరియొద్ద జనము మొదట జూచునది దీనినే. కొనలు కలిసినయెడల చప్పట్లు మ్రోగును. 2014లో శాస్త్రజ్ఞులు మార్వాడీ గుఱ్ఱపు జన్యుసర్వస్వమును చదివి ప్రకటించిరి. అరబ్బీ గుఱ్ఱముతోడను, మంగోలియా గుఱ్ఱముతోడను దానికి చుట్టరికము కలదనియు, చెవివంపునకు కారణము కాదగిన జన్యుభాగ మొకటి కనబడినదనియు వారు తెలిపిరి. కచ్ఛతీరమున ఓడ పగిలి ఒడ్డునకు జేరిన అరబ్బీ గుఱ్ఱములకథ అక్కడివారు చెప్పుకొనునదే. కథకును శాస్త్రమునకును ఇంతమాత్రపు పొత్తు కుదిరినది. కాని చెవి చెవియే. దానితో ఎడారి దాటదు.

ఈ చెవి బరివఱకు చేరుటకు పట్టిన కాలమును గూర్చి కొంత చెప్పవలెను. 1930ల నాటికే జాతి క్షీణించినది. అప్పుడు జోధపురపు మహారాజా ఉమేద్‌సింగుగారు మేలైన మగగుఱ్ఱములను సంపాదించి ప్రజల యాడుగుఱ్ఱములకు కట్టింప నేర్పాటుచేసి కొంత నిలిపిరి. స్వాతంత్ర్యానంతరము మఱియొక దెబ్బ తగిలినది. 1952 నాటి చట్టముచే రాజస్థానమున జాగీర్లు రద్దగుటతో లాయములకు మేత పెట్టు భూములు పోయినవి. జాగీర్ల రద్దు న్యాయమైన పని. రైతుకు భూమి దక్కినది. కాని ప్రభువుల గర్వమునకు గుర్తుగ నుండిన గుఱ్ఱము ఆ గర్వముతోడనే శిక్ష ననుభవించినది. పెక్కింటిని బరువులు మోయుట కమ్మివేసిరి, విత్తులు కొట్టించిరి, కొన్నిటిని చంపిరి. మనుష్యుల తగవున నోరులేనిది పోయినది. పిదప ఉమేద్‌సింగుగారి మనుమలు గజసింగుగారును, ఊరూర మిగిలిన కొందఱు పెంపకపుదారులును పూనుకొనకున్న ఈ జాతిని మనము చిత్రపటములందే చూడవలసియుండెడిది. 1999లో స్వదేశీ అశ్వసంఘము వెలసినది. చాలకాలము ఎగుమతి నిషిద్ధమై, 2000 మొదలు 2006 వఱకు మాత్రము కొద్ది గుఱ్ఱములు విదేశములకు పోవుటకు అనుమతి దొరకినది.

అన్నింటికంటె ముఖ్యమైన పని 2009లో జరిగినది. మార్వాడీ గుఱ్ఱముల వంశావళిని నమోదుచేయు అధికారము ప్రభుత్వము గుర్తించిన సంఘమునకు వచ్చినది. గుఱ్ఱమును లక్షణములతో సరిచూచి, కొలతలును గుర్తులును వ్రాసికొని, ఛాయాచిత్రము దీసి, చల్లని ముద్రతో సంఖ్య వేయుదురు. ఆ సంవత్సరముననే తపాలాశాఖవారు స్వదేశపు గుఱ్ఱములపేర బిళ్ళలు వెలువరించిరి. బిళ్ళ గౌరవము, పుస్తకము ప్రాణము. ఆంగ్లేయుడు తన పందెపుగుఱ్ఱమునకు 1791 నుండియే వంశావళిపుస్తకము వ్రాసికొనెను. నేడు హైదరాబాదు మలకుపేటలో పరుగెత్తు ప్రతి గుఱ్ఱపు తల్లిదండ్రుల పేర్లును ఆ పద్ధతి పుస్తకములందే దొరకును. మన గుఱ్ఱమునకు పరువము లేదని ఆతడు నవ్వగలిగినది, తన పుస్తకము తనయొద్ద నుండుటచేత. మనకు జ్ఞాపకము ముసలివాని నోటనుండి, ఆ ముసలివాడు పోవుటతో ఖాళీ యగుటచేత. వంగిన చెవులకు క్షమాపణ చెప్పుకొనుట మానివేసి, మన గుఱ్ఱపు తండ్రి పేరు వ్రాసిపెట్టుకొనుటయే తగిన ప్రత్యుత్తరము. ఇది స్వదేశీయమునందు నిజమైన భాగము.

మధ్యాహ్నము దాటినపిదప బరియొద్ద తీరు మాఱును. లక్షణములు చూచుట ముగిసి సవారీ మొదలగును. ఈటెతో నేలమీది మేకును పొడిచి పెకలించు పందెము జనులకు సంతోషముగ నుండును. కాని మేము కనులు విప్పి చూచినది రేవాల్ నడక. ఇది నడకయు కాదు, పరుగును కాదు. ఒక ప్రక్కనున్న రెండు కాళ్ళును ఇంచుమించు కలిసి కదలుచుండగా గుఱ్ఱము నేలను దువ్వుకొనుచున్నట్లు వేగముగ సాగును. మీదివాడు మంచముమీద కూర్చుండినట్లు కదలక యుండును. చేతిలో నిండు మజ్జిగపాత్ర నిచ్చినను తొణకదేమో యనిపించును. ఎడారిలో బావికి బావికి నడుమ ఎన్నో క్రోసులు పోవలసిన దేశమున, మనుష్యుని నడుము విఱుగకుండ గుఱ్ఱము కనిపెట్టిన నడక యిది యని చెప్పినను తప్పులేదు. దీనికొఱకు తండ్రులు కొడుకులకు శిక్షణ నిచ్చిరి; కాళ్ళకు గజ్జెలు కట్టి తాళమునకు నేర్పిరి. ఈ జాతిని జాతిగ నిలిపినది చెవి కాదు, ఈ నడకయే యని మా యభిప్రాయము.

బహుమానములు పంచునప్పుడు ఈ యభిప్రాయమునకు ఆదరము తక్కువయని గమనింపక తప్పలేదు. నడకకు బహుమానము లేకపోలేదు. కాని సంతలో ధరను నిర్ణయించునది ఉదయపు తరగతి: చెవి, ఎత్తు, రంగు. ఎత్తునకు పట్టిన పిచ్చి యింతయని చెప్పరాదు. ఈ జాతికి 152 మొదలు 163 సెంటీమీటర్ల ప్రాంతపు ఎత్తు స్వభావము. ఇంకను ఎత్తు కావలెనని సీమ పందెపుగుఱ్ఱముతో కలుపువారు గలరు. సీమరక్తము పడినచో ఎత్తు వచ్చును. గట్టిగిట్టయు, కొద్దిమేతతో బ్రతుకు స్వభావమును, రేవాల్ నడకయు వచ్చునా? నవ్వినవారి గుఱ్ఱమునే మరల మన గుఱ్ఱపు చర్మములోనికి దెచ్చుకొనుటకు ఇంత శ్రమ యేల? ఇక నీ గుఱ్ఱముల గమ్యస్థానమేది? పెండ్లి యూరేగింపు. విద్యుద్దీపముల నడుమ, బ్యాండుమేళముల మ్రోతలో, పెండ్లికొడుకును మోసికొని గుఱ్ఱము గంటలకొలది నిలువవలెను. ఉత్తరదేశపు ఈ యాచారము మన హైదరాబాదునుండి పట్టణములన్నింటికి ప్రాకినది. ఊరేగింపుకు తెలుపు చాలును. ఎముక బలమును, ఊపిరి బలమును అక్కడ నడుగువారు లేరు.

పని లేని జంతువు నిలువదు. 2012 నాటి పశుగణనలో దేశమున గుఱ్ఱములును తట్టువలును కలిసి 6 లక్షల 25 వేలు. 2019 గణనలో 3 లక్షల 40 వేలు. ఏడేండ్లలో నూటికి 45 తగ్గినవి. బండ్లకు మోటారు వచ్చినది. ముంబైనగరపు విక్టోరియా బండ్లను 2015లో ఉన్నతన్యాయస్థానము అక్రమమని తీర్పుచెప్పినది. టాంగా పోయి ఆటో వచ్చినది. బండిగుఱ్ఱపు బ్రదుకు దుర్భరము గనుక ఆ బండ్లు పోవుట విచారింపదగినది కాదు. కాని టాంగా పోయిన లెక్కలోనే పల్లెలోని మంచి ఆడుగుఱ్ఱమును పోవుచున్నది. ఒకవైపున పదిమంది ధనికులయొద్ద గుఱ్ఱపుధర కోటివఱకు పాకుచున్నదని పత్రికలు వ్రాయుచుండగా, మఱొకవైపున జాతియొక్క వేరు ఎండుచున్నది. అంగడిధరను జూచి జాతి బాగుగనున్నదని భ్రమపడరాదు. 2023లో బికనేరుకేంద్రమున పిండమార్పిడిచేత మార్వాడీ పిల్ల పుట్టినది. అది శ్లాఘ్యమైన పనియే. ఏ పిండమును మార్పవలెనో చెప్పునది మాత్రము తిరిగి ఆ బరియే.

ఒక మాట సాయిసులనుగూర్చి. కప్పు అందుకొనునది యజమాని. గుఱ్ఱముతో ప్రక్కప్రక్కన పరుగెత్తి ఆయాసపడువాడు సాయిసు. పిల్ల పుట్టినరాత్రి లాయమున పరుండువాడును, కడుపునొప్పి వచ్చినప్పుడు తెల్లవాఱువఱకు నడిపించువాడును అతడే. గుఱ్ఱపు కడుపునొప్పి గడియలలో ప్రాణము తీయగలదని యెఱిగినవారికి ఈ సేవ విలువ తెలియును. సుడులశాస్త్రమును, గజ్జెలశిక్షణయు అతని వంశముననే నిలిచియున్నవి. ప్రకటనపత్రములందు గుఱ్ఱపు తండ్రి పేరు, తాత పేరు, యజమాని పేరు అచ్చువేయుచున్నారు. సాయిసు పేరు కూడ ఒక పంక్తిలో చేర్చినచో సిరా తరుగదు.

ఇక తెలుగుదేశమునకు వత్తము. మన ప్రాచీనరాజులు గుఱ్ఱమును పెంచుకొనలేదు, కొనుక్కొనిరి. విజయనగరపు సేన అరబ్బీ గుఱ్ఱముల కొఱకు మొదట అరబ్బు వర్తకులమీదను, 1510లో గోవా పోర్చుగీసువారి వశమైన పిదప వారిమీదను ఆధారపడినది. దారిలో చచ్చిన గుఱ్ఱమునకును తోక తెచ్చి చూపినచో వెల చెల్లించిరని పోర్చుగీసువాడు నూనిజ్ వ్రాసెను. గుఱ్ఱమునకు మన గాలి పడదని కొందఱు సమాధానము చెప్పుదురు. భీమానదీతీరపు భీమథడీ గుఱ్ఱమును మరాఠులు పెంచుకొనిరి. అది దక్కను గుఱ్ఱమే. దానిని ప్రత్యేకజాతిగ జాతీయసంస్థ యిటీవల గుర్తించినది. మనకు గుఱ్ఱము లేకున్నను ఒంగోలుజాతి ఆవులున్నవి. దాని చరిత్రయే మార్వాడీ చరిత్రకు అద్దము.

ఒంగోలు పశువు 19వ శతాబ్దమున బ్రెజిలు చేరి నెల్లూరుపేర ‘నెలోర్’ అయినది. 1938లో వారు దానికి వంశావళి నమోదు ప్రారంభించిరి. ఉబెరాబాపట్టణమున ఏటేట మహాప్రదర్శనము జరుపుచున్నారు. 1960ల మొదట మన ప్రాంతమునుండి కొనిపోయిన యొక ఆబోతునకు దాని ఊరిపేరు కరవది యనియే నిలిచి, అక్కడ వేలకొలది దూడలకు ఆదిపురుషుడైనది. 2023లో ఆ జాతి ఆవు నొకదానిలో కొంతభాగమును అమ్మగా, మొత్తము ఆవు విలువ 40 లక్షల డాలర్లకు పైబడినది. కరవదిలో ఆ ఆబోతు తల్లి పేరు చెప్పగలవారెందఱు? మన రైతునకు జాతిమీద ప్రేమ లేదనుట అన్యాయము. సంక్రాంతికిని, తిరునాళ్ళకును కృష్ణా గుంటూరు ప్రకాశము జిల్లాలందు బండలాగుడు పోటీలకు జనము తీర్థమువలె వచ్చుచున్నారు. బండ యెన్ని అడుగులు సాగినదో కొలతబద్దతో కొలుతురు. ట్రాక్టరు వచ్చినపిదపను ఒంగోలు గిత్త పల్లెలో నిలిచియుండుటకు ఆ పోటీలే కొంతవఱకు కారణము. అక్కడ పనికి విలువ గలదు, పుస్తకము లేదు. జోధపురమున పుస్తకము గలదు, పనికి విలువ తఱుగుచున్నది. గెలిచిన జత పేరు మైకులో వినబడును. ఆ గిత్తల తండ్రి యేది, తల్లి యేది, ఆ తల్లి యిప్పు డెవరి కొట్టములో నున్నది యని యెవరును అడుగరు. దూరము వ్రాసికొను పుస్తకములోనే యింకొక రెండు గడులు గీసినచో పని మొదలగును. లాం పశుపరిశోధనస్థానమువారు ఆ పుస్తకముల నడిగి తీసికొని భద్రపఱుపవచ్చును.

జోధపురపు సంఘమువారికి మేము విన్నవింపదగిన మాట కలదు. ఉత్తమాశ్వపు కప్పు ఒక్క యుదయపు రూపముమీద నీయకుడు. నడక మార్కులు రూపపు మార్కులతో కలుపవలెను. మగగుఱ్ఱమునకు కప్పు ఇచ్చునప్పుడు దాని పిల్లలను వెనుక నిలిపి చూడవలెను. తండ్రి యెంత యందగాడైనను పిల్లలు కాళ్ళువంకరగ నున్నచో కప్పు దక్కరాదు. రంగునకు మార్కు లుండరాదు. దూరపు సవారీ యొకటి, 40 కిలోమీటర్లైనను, ప్రదర్శనమునకు ముందుదినమున నుండవలెను. గమ్యము చేరినతర్వాత గుఱ్ఱపు గుండె నిమిషమునకు 64 కొట్టుకొనుటకు దిగినదా లేదా యని పశువైద్యుడు గడియారముపట్టి చూచును. దిగనిదానిని ఓడినట్లు లెక్కించుట అంతర్జాతీయపందెములలో నమలునందున్న పద్ధతి. దీనిలో చెవి యడ్డుపడదు, రంగు కనబడదు, యజమాని పలుకుబడి వినబడదు. చెవులు కలిసిన గుఱ్ఱమే ఆ దారిని గెలిచివచ్చినయెడల మాకు ఆక్షేపణ లేదు. రెండు కప్పులు దానికే యీయవచ్చును. పుట్టబోవు పిల్లలకు కావలసినది అట్టి తండ్రియే. ఇందులకు క్రొత్త మైదానము కొననక్కఱలేదు, క్రొత్త కట్టడము కట్టనక్కఱలేదు. ఇద్దఱు పశువైద్యులును, దారిపొడవున నీళ్ళతొట్లును చాలును. మార్వాడదేశమున దారికి కొదవలేదు.